దిగేటప్పుడు తీసుకో

విద్యానగర్ స్పీడ్ బ్రేకర్ దగ్గర
బండి మీంచి బ్యాగు జారింది, అంతే.
లాప్‌టాప్ పైన గీతైనా పడలేదు.
ఇంటికొచ్చి ఆన్ చేస్తే
టక్... టక్... టక్...
లోపల ఎవరో ఉండిపోయి
తలుపు కొడుతున్నట్టు.

నాది నల్లకుంటలో డీటీపీ గది.
నాలుగు శుభలేఖలు, రెండు కరపత్రాలు,
ఎప్పుడైనా ఒక పుస్తకం.
ఈసారి పుస్తకం బుచ్చిలింగంగారిది.
ముప్ఫైమూడేళ్ళు సిటీ బస్సులో కండక్టరు,
తన కథ తనే రాసుకున్నాడు
పాత వేబిల్లుల వెనక, నీలం రీఫిల్‌తో.
నేను ఒక్కో కట్ట టైపు చేసి తిరిగిస్తుంటే
ఆయన ఒక్కో కట్టా
పాతపేపర్లవాడి తక్కెట్లో వేశాడు.
"కంప్యూటర్ల వడ్డది గద బిడ్డా, ఇంక యాడికి వోతది."

ఆ మాట మోసుకుని
చెనాయ్ ట్రేడ్ సెంటర్ మూడో అంతస్తు ఎక్కాను.
లిఫ్టు పనిచేయడం లేదు.

జుబేర్ డ్రైవు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు,
డాక్టరులా కాదు,
పుచ్చకాయ కొనేవాడిలా.
"తల పోయింది మేడం."
ఎవరిదని అడగబోయి ఆగాను.
"ఇదే మోడల్ ఇంకోటి దొరకాలి.
దాని తల తీసి దీనికి పెట్టాలి.
పెట్టినా గంటో, రెండు గంటలో బతుకుతుంది.
ఆ లోపల ఎంత గుంజుకుంటే అంత."

పంతొమ్మిది రోజులు.
రోజు విడిచి రోజు ఫోను:
"అయిపాయెనా బిడ్డా?"
"కరెక్షన్లు చూస్తున్నానండీ."
ఎవరో, ఎందుకో అమ్ముకున్న డ్రైవు
ఆఖరికి దొరికింది.
అందులో వాళ్ళవి ఏమున్నాయో
నేను అడగలేదు, జుబేర్ చెప్పలేదు.

పోయినచోటే వెతుక్కోవాలంటారు.
వెతికితే వచ్చినవాటికి పేర్లు లేవు.
ఉత్త అంకెలు,
మార్చురీలో కాలి బొటనవేలికి కట్టే చీటీల్లా.
పదిలంగా దాచుకున్నవి ముక్కలై వచ్చాయి.
పారేసినవి నిక్షేపంగా వచ్చాయి:
రద్దయిన పెళ్ళి శుభలేఖ,
అచ్చుతప్పు పడ్డ సంతాపసభ బ్యానరు,
ఏడేళ్ళ కింద నేను రాసి, పంపక,
చెత్తబుట్టలో వేసి,
చెత్తబుట్టనీ ఖాళీ చేసిన ఉత్తరం.
ఒక్క కామా చెదరలేదు.

"ఇది కావాలా మేడం?"
జుబేర్‌కి తెలుగు చదవడం రాదు.
అయినా నేను చున్నీ సర్దుకున్నాను.
"డిలీట్ అంటే పోవడం కాదు మేడం.
ఆ జాగా ఖాళీ అని బోర్డు పెట్టడం.
ఇంకొకరొచ్చి కూచునేదాకా
పాతోళ్ళు అక్కడనే ఉంటరు."

మూడువందల నలభై పేజీల్లో
చేతికందినవి రెండువందల పన్నెండు.
తెరిస్తే అవీ తెలుగు కాదు,
పాత ఫాంటు మరిచిన స్టార్లు, బ్రాకెట్లు, ప్రశ్నార్థకాలు.
ఫాంటు ఎక్కించాను.
డాలరు గుర్తులోంచి దిల్‌సుఖ్‌నగర్ దిగింది.
కర్ఫ్యూ రాత్రి అఫ్జల్‌గంజ్‌లో
పదకొండుమంది ప్రయాణికులతో
బస్సులోనే తెల్లారిన పేజీ దొరికింది.
తెల్లారాక ఏమైందో దొరకలేదు.

అడిక్‌మెట్‌లో ఆయన గడపలో నిలబడి
ఉన్నదున్నట్టు చెప్పేశాను.
బుచ్చిలింగంగారు ఏమీ అనలేదు.
బొటనవేలు తడిచేసుకుని
నోట్లు లెక్కపెట్టినట్టు కాగితాలు లెక్కపెట్టాడు.
ఎనభైఏడు తర్వాత నూటమూడు.
అక్కడ చాలాసేపు ఆగాడు.
"ఈడ బస్సు ఆపలేదనుకో," అన్నాడు,
నవ్వాడో లేదో మీసాల వల్ల తెలియలేదు.

తర్వాత నా పెన్ను అడిగి తీసుకున్నాడు.
చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక రాసినట్టు
ఎనభైఏడో పేజీ వెనక
128 వేసి, చుట్టూ సున్నా చుట్టి,
చిన్న సంతకం గీకి,
ఆ కాగితం నాకే ఇచ్చాడు.
"దిగేటప్పుడు తీసుకో."

ఎవరు ఎవరికి బాకీయో రాయలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు మీద
ఎవరిదో చేతిరుమాలు పరిచి ఉంది.
నిలబడే వచ్చాను.
ఉత్తరం పెన్‌డ్రైవులో,
పెన్‌డ్రైవు పర్సులో,
చిల్లర అరలో.